చంద్రగిరి కోటలో పన్నెండో సంబంధం

“రండి సార్, కోటంతా నేను చూపిస్తాను,” అన్నాడు గిరిప్రసాద్, రాజమహల్ ముందు నిలబడ్డ నల్లగొడుగు పెద్దాయనకు దండం పెట్టి.

మునిరామయ్య అతన్ని క్రాపు నుంచి చెప్పుల దాకా చూశాడు. పక్కనున్న కూతురు భానుశ్రీ చిలకపచ్చ చీర కొంగు సర్దుకుంది.

“సరే, పదబ్బా.”

గిరిప్రసాద్‌కు ప్రాణం లేచొచ్చింది. ఇప్పటికి పదకొండు సంబంధాలు తప్పిపోయాయి. పదకొండోది తప్పినప్పుడు వాళ్ళమ్మ నిర్మలమ్మ కాఫీ మానేసింది. ఇదీ తప్పితే అన్నం మానేస్తానని ఒట్టేసింది.

సంబంధం తెచ్చిన ధనంజయ దగ్గరుండి కలపాల్సింది. నిన్ననే మోపెడ్ మీంచి పడి, పుత్తూరులో కాలికి కట్టు కట్టించుకుంటున్నాడు. అక్కణ్ణించే ఎస్టీడీ బూత్‌లో ఒంటికాలి మీద నిలబడి ఫోన్ చేశాడు.

“ఇంటికొచ్చి సూసి, వద్దని పోతే వీధంతా నవ్వుతాది గదప్పా! అందుకే ఈ పక్క కోటలోనో గుళ్ళోనో ఊరికే కలిసినట్టు సూసుకుంటారు. నల్లగొడుగు, చిలకపచ్చ చీర. నువ్వే పోయి మాట కలుపు. పెండ్లి మాటెత్తినావో, చెడిందే!”

మాట కలపడానికి గిరిప్రసాద్ దగ్గరున్నది గేటు దగ్గరి నీలం బోర్డు మీద చదివిన నాలుగు ముక్కలు. మెట్లెక్కేలోపే అవి అయిపోయాయి. ఇక నోటికొచ్చింది అందుకున్నాడు.

“రాజుగారి గుర్రం ఈడనుంచి ఒక్క దూకు దూకితే తిరమల కొండే సార్. దిగేటప్పుడు మాత్రం మెట్లదోవే.”

“ఎందుకప్పా?”

“మోకాళ్ళ నొప్పులు సార్.”

భానుశ్రీ కిసుక్కున నవ్వింది. గిరిప్రసాద్ ఆ నవ్వు కోసం రాజుగారి ఏనుగు చేత పాయసం కూడా వండించాడు.

“సొంతూరు యాడ?” మునిరామయ్య అడిగాడు.

“సత్యవేడు సార్.”

“అరవం వచ్చునా?”

“బ్రహ్మాండంగా.”

“తాగుడు గీగుడు?”

“గోలీసోడా కూడా ముట్టను సార్.”

“మంచిది. అయితే పాపం వాళ్ళకూ అరవంలో చెప్పు.”

వెనక్కి చూస్తే మద్రాసు బస్సు దిగిన జనం! కాబోయే మామ మాట ఎట్లా కాదంటాడు? గుర్రాన్ని అరవంలో దూకించాడు. రాణిమహల్ చేరేసరికి జనం నలభై అయ్యారు. ఎవరిదో చంటిబిడ్డ అతని చంకకెక్కింది. దించుదామంటే తల్లి కనబడలేదు. గొంతు బొంగురుపోయింది.

భానుశ్రీ నీళ్ళ సీసా అందించింది. “తాగన్నా, పొద్దున్నించీ అరస్తానే ఉండావు.”

ఆ ‘అన్నా’ ముల్లులా గుచ్చుకుంది. నాయన ముందు సిగ్గుపడి అలా అందేమోనని సర్దుకున్నాడు.

మునిరామయ్య మాత్రం నిమిషానికోసారి గడియారం చూస్తున్నాడు, గేటు చూస్తున్నాడు. ఇంటికెళ్ళి మంచిమాట చెప్పాలని తొందర కాబోలు.

మధ్యాహ్నం రెండు గంటలకు గొడుగు మడిచి, గిరిప్రసాద్ భుజం తట్టాడు.

“సెబాసబ్బా! నీ అంత ఓపికుండేవాణ్ణి నేను యాడా సూళ్ళేదు.”

గిరిప్రసాద్ కళ్ళు చెమర్చాయి. చంకలో బిడ్డతోనే వంగి ఆయన కాళ్ళకు మొక్కాడు.

మునిరామయ్య కూతురి వైపు తిరిగి నిట్టూర్చాడు.

“ఈ గైడుకు పది రూపాయలిచ్చి పంపు తల్లీ, ఆ పెండ్లికొడుకు ఇంక రాడు.”