కరకట్ట దిగని బండి

పోయిన మా ఆయన పాత పికప్పుని మనవడు జోయెల్ గుడివాడలో కొత్తగా చేయించి తెచ్చాడు. స్విచ్చి నొక్కితే బండిని ఎత్తి దించే గాలి సంచులు పీకించి, ఎప్పుడూ నేలకి దగ్గరగా ఉంచే పొట్టి స్ప్రింగులు వేయించాడు. వెనక అద్దం మీద ‘తాతయ్య జ్ఞాపకార్థం’ అని రాయించాడు. తప్పుల్లేకుండా రాయించినందుకు సంతోషించాను.

“గాలి సంచులేం చేశాయిరా?”

“లీకవుతున్నాయి నానమ్మా. ఇప్పుడిదే ఫ్యాషన్. బందరులో బండ్ల షోకి పిలిచారు కూడా. నీకూ ఎక్కడం తేలిక.”

తేలికే. సమాధుల పండుగ కదా, మా ఆయన సమాధికి వెయ్యడానికి సున్నం బకెట్టు, బంతిపూల దండ పట్టుకుని ఎక్కాను.

కరకట్ట మీద బండి ఆగింది. సమాధుల దొడ్డికి దిగే దారంతా ట్రాక్టర్ల గోతులు, బురద.

“ఇక దిగదు నానమ్మా, అడుగు తగులుద్ది. ఇక్కణ్ణించే ప్రార్థన చేసుకో.”

ఈ దారి కోసమే మా ఆయన ఆ సంచులు పెట్టించాడు. ఊళ్లో ఎవరు పోయినా గాలి వదిలి బండిని దించి, పెట్టె ఎక్కించుకునేవాడు. మళ్లీ గాలి నింపి, బండిని ఎత్తి ఈ బురద దాటించేవాడు. ఆఖరికి తనూ అందులోనే దాటాడు.

“మరి నన్నెట్టా తీసుకెళ్తావురా?”

“ఎక్కడికి?”

కిందనున్న సిలువల వైపు చూపించాను.

వాడు నవ్వాడు. “అప్పటికి రోడ్డేస్తార్లే నానమ్మా.”

నేను దిగి, దండ తీసుకెళ్లి ఆ వెనక అద్దానికి వేశాను. సున్నం కూడా వేసేదాన్నే, పెయింటు కొత్తదని ఊరుకున్నాను.