కల్లిరోయి పంచిన గోధుమలు

"ఆ ముసలాడికి ఒక్క గింజ పెట్టావో, నీ కాఫీ దుకాణానికి తాళం పడుతుంది!"

చర్చి వాకిట్లో, అందరూ వింటుండగానే అన్నాడు సార్జెంట్ మావ్రోస్.

కల్లిరోయి చేతిలో పళ్ళెం ఉంది. ఉడికించిన గోధుమలు, బాదం, ఎండుద్రాక్ష, పైన చక్కెర. పోయినవాళ్ళ పేరు మీద పంచేది. వాకిట్లో ఒక్కరికి లేదన్నా పంచిందంతా వృథానే.

ఇరవై ఏడేళ్ళుగా పంచుతోంది. 1941 ఏప్రిల్లో జర్మన్ బాంబర్లు ఈ రేవు మీద విరుచుకుపడ్డ రోజు, చంటిపిల్లను చంకనేసుకుని పడవలో ఇరుక్కుపోయింది కల్లిరోయి. ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఒకే ఒక్క గ్రీకు విమానం వాటికి ఎదురెళ్ళింది. అన్నింటినీ సముద్రం మీదికి తరిమింది. చివరికి మంటలంటుకుని కొండ అవతల నీళ్ళలో పడిపోయింది. ఆ పైలట్ కోసమే ఈ గోధుమలు. పేరైనా తెలీదు పాపం!

ముసలాయన గోడ పక్కన నిలబడి ఉన్నాడు. ఎడమచెయ్యి ఎప్పట్లాగే కోటు జేబులో ఉంది.

ఏథెన్స్‌లో సైనికాధికారులు గద్దెనెక్కాక ఈ దీవికి తెచ్చి పడేసిన మనిషి. రోజూ పొద్దున్నే ఠాణాలో హాజరు వేయించుకోవాలి. ఎవరూ పలకరించకూడదు, ఎవరని అడక్కూడదు. నాలుగు నెలలుగా కల్లిరోయి కూడా కాఫీ లేదని చెప్పి పంపేస్తోంది. చెప్పిన ప్రతిసారీ సిగ్గుతో చచ్చిపోతోంది.

"ఆఖరిసారి అడుగుతున్నా ఇగ్నాతిస్," మావ్రోస్ కాగితం ఆడించాడు. "ప్రభుత్వానికి విధేయుణ్ణని సంతకం పెట్టు, ఇంటికి పో. లేదంటే ఇవాళ్టి పడవలోనే జైలుకి."

"పడవ ఎన్నింటికి?" అన్నాడు ముసలాయన.

ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆ నవ్వు వినగానే కల్లిరోయికి ఎక్కడలేని తెగువ వచ్చింది. గబగబా వెళ్ళి పళ్ళెం ఆయన ముందు పెట్టింది.

"తాళం నీ దగ్గరుందా సార్జెంట్, నన్నే తెచ్చుకోమంటావా?"

మావ్రోస్ మొహం కందగడ్డయింది.

"ఎవరి కోసమమ్మా ఇది?" అడిగాడు ముసలాయన.

"ఈ రేవును కాపాడి, అదిగో ఆ కొండ వెనక సముద్రంలో పోయిన పైలట్ కోసం."

ఆయన కొండ వైపు చాలాసేపు చూశాడు. తర్వాత గుప్పెడు తీసుకుని నెమ్మదిగా నమిలాడు.

"చక్కెర బాగా వేశావు."

"అదేంటయ్యా! తిన్నాక 'దేవుడు అతన్ని క్షమించుగాక' అనాలి. అనకపోతే ఆ ఆత్మకు శాంతెక్కడిది?"

"నేననను."

కల్లిరోయికి ఒళ్ళు మండిపోయింది.

"ఎంత మొండిమనిషివయ్యా! నీకోసం దుకాణం పోగొట్టుకున్నాను! ఆ ఒక్క మాటకి నోరు రాదా?"

"నీ పేర్ల చీటీ ఒకసారి ఇవ్వమ్మా."

పూజలో ఫాదర్ చదివే చీటీ అది. ఒక వైపు పోయినవాళ్ళ పేర్లు, ఒక వైపు బతికున్నవాళ్ళవి. తనవాళ్ళెవరినో రాసుకుంటాడు కాబోలనుకుని ఇచ్చింది.

ఆయన ఎడమచెయ్యి బయటికి తీశాడు. వేళ్ళు కాలి ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. ఆ చేత్తో చీటీని గోడకు అదిమిపట్టి, ఏదో రాసి, మడిచి ఇచ్చాడు. ఎవరూ చెప్పకుండానే పడవ ఎక్కడానికి రేవు వైపు నడిచాడు.

పడవ కదిలాక మావ్రోస్ కాగితం పరపరా చించేశాడు.

"సంతకం పెడితే మళ్ళీ వాయుసేనాధిపతి కుర్చీ ఇస్తామన్నారు! దేశంలో ప్రతి విమానం వీడు చెబితేనే ఎగిరేది. బుద్ధిలేని ముసలాడు!"

కల్లిరోయి ఉలిక్కిపడింది. విమానాలా?

పడవ అప్పటికే కొండ మలుపు దాటిపోయింది.

చీటీ విప్పింది.

పోయినవాళ్ళ వైపు 'పేరు తెలియని పైలట్' అని తను రాసుకున్నది కొట్టేసి ఉంది. బతికున్నవాళ్ళ వైపు, అందరికంటే కింద, 'ఇగ్నాతిస్' అని రాసి ఉంది.