ఎనిమిదింటికి వచ్చే గొంతు

"ఒట్టు! ఈసారి నేను కాదర్రా!" అన్నాడు ల్యాబ్‌లో కంప్యూటర్లు చూసుకునే వైర్ల బాబాయి.

ఎవరూ నమ్మలేదు. నమ్మకపోవడానికి కారణం ఉంది. కిందటేడు ఈ రక్తపరీక్షల ల్యాబ్‌లో ప్రింటరు నొక్కితే పిల్లి అరిచేలా పెట్టింది ఆయనే. రిపోర్టు కోసం వచ్చిన పెద్దమనిషి ఒకాయన బల్లకింద దూరి పిల్లిని వెతుకుతుంటే, పక్కగదిలో పొట్ట పట్టుకుని నవ్విందీ ఆయనే.

ఇప్పుడు మాత్రం ఎవరూ నవ్వడం లేదు.

ల్యాబ్‌లో అయిదు కంప్యూటర్లు. మూడు వారాలుగా రోజూ పొద్దున్న ఎనిమిదింటికి అయిదు తెరల మీదా ఒక ఫైలు వచ్చి కూర్చుంటోంది. మొదటిరోజు కౌంటరు అమ్మాయి ఎవరిదో రిపోర్టు అనుకుని నొక్కింది. గేటు గడియ చప్పుడు. చిన్న దగ్గు. ఆ తర్వాత ఒక మగ గొంతు.

"తలుపు తియ్యవే, వచ్చేశా. పాలు కూడా తెచ్చా."

అంతే. మళ్ళీ నిశ్శబ్దం.

ఆ గొంతు అందరికీ తెలుసు. రిపోర్టులు టైపు చేసే అక్క భర్తది. ఆయన పోయి నాలుగు నెలలైంది.

సాయంత్రం ల్యాబ్ మూసేవేళకి ఫైలు మాయమయ్యేది. హమ్మయ్య, పీడ పోయింది అనుకుని ఇళ్ళకి వెళ్ళేవాళ్ళు. మర్నాడు తాళం తీసి, లైట్లు వేసి, కంప్యూటరు పెట్టేసరికి మళ్ళీ అక్కడే ఉండేది. వాళ్ళకంటే ముందే వచ్చి ఎదురుచూస్తున్నట్టు.

"రేపు కూడా వస్తే నేను మానేస్తా డాక్టరుగారూ," అంది కౌంటరు అమ్మాయి. "నేను చేరింది రక్తపరీక్షలకి. దయ్యాలకి రక్తం ఉండదు."

"బ్యాకప్పు పెట్టింది నువ్వే కదా బాబాయ్," అంది డాక్టరమ్మ. "సాయంత్రంలోగా అది పోవాలి. లేకపోతే నువ్వు పోతావ్."

టైపు అక్క మాత్రం తల వంచుకుని ఎవరిదో షుగరు రిపోర్టు కొడుతోంది. ఆమె వేళ్ళు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలాయి.

బాబాయి వెనకగదిలోకి వెళ్ళి బ్యాకప్పు పెట్టె ముందు కూర్చున్నాడు. ఆ పెట్టె ఆయన ప్రాణం. అంతకుముందు వైరస్ పడి రెండేళ్ళ రిపోర్టులు గంగలో కలిశాయి. అందుకే మూడు వారాల కిందట అయిదు కంప్యూటర్లకీ ఒకే ఉమ్మడి ఫోల్డరు పెట్టి, దాని నకలు ఈ పెట్టెలో దాచి, తనకొక్కడికే తెలిసిన పాస్‌వర్డుతో తాళం వేశాడు. మనిషి చెరిపినా, వైరస్ తిన్నా, పోయిన ఫైలుని పొద్దున్న ఎనిమిదింటికి పెట్టె తనంతట తనే వెనక్కి తెచ్చి పెడుతుంది.

"యముడొచ్చి తీసుకెళ్ళినా తెల్లారేసరికి తిరిగి తెచ్చేస్తా!" అని ఆ రోజు మీసం మెలేశాడు కూడా.

అప్పుడు గుర్తొచ్చింది. అదేరోజు టైపు అక్క అద్దం పగిలిన ఫోనొకటి తెచ్చి, "దీన్లో ఒక్క ముక్క ఉంది. పోకుండా చూడు బాబాయ్," అంది. వంద పనుల మధ్య వినకుండానే దాన్నీ ఫోల్డర్లో పడేశాడు.

అయితే దయ్యం తన పెట్టేనన్నమాట! నవ్వొచ్చింది. సగంలోనే ఆగిపోయింది.

పెట్టె తెచ్చేది ఎవరో చెరిపినవాటినే. మరి రోజూ చెరిపేదెవరు?

ఏ ఫైలు ఎప్పుడు చెరిగిందో పెట్టె రాసుకునే చిట్టా తెరిచి చూశాడు. నిన్న సాయంత్రం ఆరు. మొన్న ఆరు. అంతకుముందు రోజూ ఆరే. ఒక్క నిమిషం అటూ ఇటూ లేదు. అన్నీ మూడో కంప్యూటరు నుంచే.

మూడోది టైపు అక్కది.

బాబాయి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పిచ్చితల్లి! పగలంతా గుండె రాయి చేసుకుని, పోయేముందు చెరిపేసి వెళ్తోంది. తన పెట్టేమో పొద్దున్నే తెచ్చి మొహాన కొడుతోంది. మూడు వారాలుగా! నా తెలివి తగలెయ్య, అనుకున్నాడు.

ఆరవుతుండగా ఆమెని వెనకగదిలోకి పిలిచాడు.

"అంతా చూశానే తల్లీ. తప్పు నాదే. దీన్ని మొదలంటా తీసేస్తా. ఇక ఏ పొద్దునా రాదు, నిన్ను ఏడిపించదు."

ఏళ్ళ తరబడి ఆ ల్యాబ్‌లో ఆయన వేళాకోళం లేకుండా మాట్లాడింది అదే మొదటిసారి. పాస్‌వర్డు కొట్టాడు. శాశ్వతంగా తొలగించాలా అని తెర అడిగింది. వేలు మీట మీదికి వెళ్ళింది.

చల్లటి చెయ్యి ఒకటి ఆయన మణికట్టు పట్టుకుంది. టైపు అక్క మొహం పాలిపోయింది. గోడ గడియారం కేసి చూసి, గబగబా అంది.

"వద్దు బాబాయ్, నీకు పుణ్యముంటుంది, ఆయనది నైట్ డ్యూటీ... ఆరింటికి నేను పంపిస్తేనే కదా, పొద్దున్నే ఇంటికొచ్చేది!"