నాగలి తగలని చేను

"కడవెడు మసూరు పప్పు విత్తనం ఏమైనట్టు? రెక్కలొచ్చి ఎగిరిపోయిందా?" ఖేలావన్ గట్టు మీద నిలబడి పెళ్ళాం మీద విరుచుకుపడ్డాడు. వెనకాల అద్దె ట్రాక్టరు గుడగుడలాడుతోంది.

"నేను ముట్టలేదు, మున్నీ నాన్నా. బిడ్డ మీద ఒట్టు" అంది సుగియా.

"శ్రాద్ధానికొచ్చిన మీ తమ్ముడు వట్టి చేతుల్తో పోయాడంటే నమ్మాలా?"

సుగియాకు దుఃఖం పొంగుకొచ్చింది. "మామయ్య ఈ చేలోనే కుప్పకూలి నెల తిరగలేదు. అప్పుడే నన్ను దొంగని చేశావు! సరే, పుట్టింటికి పోతున్నా. మళ్ళీ పిలవకు."

"పో! విత్తనం తెచ్చాకే గడప తొక్కు."

అన్నాడే గానీ, ఖేలావన్ గుండెలో రాయి పడింది. విత్తనం లేకపోతే ఈ చలికాలం చేను బీడే. ఏడాదంతా ఇంట్లో పప్పు ఉడకదు.

"మామయ్యే ఉంటే ట్రాక్టరును గట్టెక్కనిచ్చేవాడా? దున్నితే నేలలో తడి ఆరిపోతుందని మొత్తుకునేవాడు" అంది సుగియా.

"ఆహా! కోతకు ముందే నిలిచున్న వరిలో మసూరు చల్లెయ్యాలట, నాగలితో పనే లేదట! సోమరిపోతు సేద్యం! మా బాబూజీకి ఆ మాట మొహం మీదే చెప్పాను."

"అన్నా, చేలోకి దించమంటావా, వద్దా? డీజిలు కాలిపోతోంది" అన్నాడు ట్రాక్టరు లల్లన్.

"దించు! విత్తనం అప్పో సప్పో తెస్తాను."

సుగియా కళ్ళు తుడుచుకుని, చక్రాలకు అడ్డొస్తుందని ఒక గడ్డిమోపు పక్కకు లాగింది. మైల వల్ల ఇంటివాళ్ళెవరూ ఇన్నాళ్ళూ చేలో అడుగుపెట్టలేదు. కోత కోసింది కూలీలు; ఎత్తుగా వదిలిన కొయ్యల మాటున నేల గట్టు మీంచి కనిపించదు.

"ఆపు! ఆపవయ్యా లల్లన్!" అని కేక పెట్టింది సుగియా.

"మళ్ళీ ఏం నాటకమే?" అంటూ గట్టు దిగిన ఖేలావన్ అక్కడే కొయ్యబారిపోయాడు.

వరి కొయ్యల మధ్య పచ్చగా, లేతగా, చిట్టి చిట్టి ఆకులు. ఇంకో మోపు లాగాడు. అక్కడా పచ్చనే. మోకాళ్ళ మీద కూలబడి మట్టి గిల్లాడు. వేళ్ళకు చల్లగా తడి తగిలింది.

"మసూరే! దున్నకుండా ఎలా లేచిందే ఇది?" అన్నాడు సుగియాకేసి తిరిగి.

లల్లన్ ఇంజను ఆపేసి, తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. "కూలీలు తొక్కినా చావలేదు చూడన్నా! భూమితల్లి మహిమ! ఇంతకీ ఎవరు చల్లారు?"

ఖేలావన్ లేచాడు. పచ్చదనం వెంబడే నడిచాడు. సుగియా వెనకే నడిచింది. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి, మళ్ళీ ఇటు, ఎక్కడా ఒక్క జానెడు ఖాళీ లేదు. ఎవరో ఎంత ప్రేమగా చల్లారో! చేను నడుమ ఒకచోట ఆ పచ్చదనం టక్కున ఆగిపోయింది. ఆవల అంతా వట్టి కొయ్యలే.

ఆగిన ఆ చోట మాత్రం, తండ్రి శవాన్ని పైకెత్తిన ఆ చోట, ఆఖరి పిడికిట్లోంచి విత్తనం జారిపడినంత మేర, గుప్పెడు మొక్కలు ఒకే గుత్తిగా లేచి నిలబడి ఉన్నాయి.