తడి మూటలు

పనిలోకి తిరిగి వచ్చిన మొదటి రోజే, తడి దుప్పట్ల మూట మీద అమ్మాయి చెయ్యి వేసిందో లేదో, పక్కనుంచి ఎవరో లాగేసుకున్నారు.

"అది నా వంతు," అంది అమ్మాయి.

"నీకు చేతకాదు. పోయి దిండు గలీబులు మడత పెట్టు."

లాక్కున్నావిడ కొత్త మనిషి. అమ్మాయి పురిటికి వెళ్లినప్పుడు చేరింది. నలభై ఐదేళ్లుంటాయి. నోరు తెరిస్తే కోసినట్టే ఉంటుందని అందరూ రంపం అని పేరు పెట్టారు. అసలు పేరు ఎవరూ అడగలేదు.

అది ఆసుపత్రి లాండ్రీ. నేలమాళిగలో ఉంటుంది.

పైన ప్రసూతి వార్డు గోడకి "బాలింతలు బరువులు ఎత్తరాదు" అని పెద్ద బొమ్మ అంటించారు. ఆ బొమ్మ మెట్లు దిగి కిందికి రాలేదు. వచ్చి ఉంటే, కాన్పయిన ఇరవై ఎనిమిదో రోజున ఆ అమ్మాయిని మూటల దగ్గరికి పిలిచిన సూపర్‌వైజరు ముఖం చూసి సిగ్గుతో చచ్చేది.

"వచ్చే నెల ఒకళ్లని తీసేస్తున్నాం. మూట ఎత్తగలిగినవాళ్లే ఉంటారు," అని అతను ముందే చెప్పాడు.

రంపానిది రోజూ అదే తంతు. అమ్మాయి మూట దగ్గరికి వెళితే చాలు, లాక్కునేది. మధ్యమధ్య పొత్తికడుపు అదుముకుని స్టూలు మీద కూలబడేది. కాళ్లు ఎడంగా వేసి నడిచేది.

"బాతు వస్తోంది," అని నవ్వేది ఇస్త్రీ పెద్దమ్మ.

ఆ పెద్దమ్మే ఓ రోజు చెవిలో ఊదింది.

"నిన్ను పనికిరానిదాన్ని చేసి చూపిస్తోందే. నీ పొట్ట కొట్టి తను ఉండిపోదామని."

అమ్మాయికి ఒళ్లు మండింది. ఇంట్లో పసిగుడ్డు. మొగుడికి పని లేదు. తిన్నగా సూపర్‌వైజరు దగ్గరికి వెళ్లింది.

"నన్ను పని చేయనివ్వడం లేదు సార్. తనేమో గంటకోసారి కూర్చుంటుంది."

అతను రంపాన్ని పిలిచాడు.

"ఎందుకు కూర్చుంటున్నావు?"

"ఆడవాళ్ల బాధ సార్. మీకు చెప్పేది కాదు."

"ఆడవాళ్ల బాధలు ఇంట్లో పెట్టుకుని రావాలి."

ఆ మహానుభావుడిని కన్నది ఆడది కాదు కాబోలు.

మధ్యాహ్నానికల్లా రంపం పని పోయింది. వెళ్తూ వెళ్తూ అమ్మాయి దగ్గర ఆగింది.

"మూట సగమే కట్టు. రెండుసార్లు తిరిగినా పర్లేదు."

"నాకు తెలుసులే," అంది అమ్మాయి, తలెత్తకుండా.

పది రోజులు తిరిగేసరికి అమ్మాయికి పొత్తికడుపులో బరువు. లోపల్నుంచి ఏదో జారుతున్నట్టుంది. పైకి వెళ్లి డాక్టరమ్మకి చూపించుకుంది.

"ఎన్నాళ్ల నుంచి బరువులెత్తుతున్నావు?"

"పది రోజులమ్మా."

"అంతకు ముందు?"

"అంతకు ముందు... ఒకావిడ ఎత్తనివ్వలేదు."

"అందుకే ఈమాత్రంతో పోయింది. గర్భసంచి చోటు తప్పి కొంచెం కిందికి జారింది. ఇప్పుడే కాబట్టి వ్యాయామంతో సర్దుకుంటుంది. మూత్రం ఆపుకున్నట్టు కండరాలు బిగించి, పది లెక్కపెట్టి వదులు. మూడు పూటలా చెయ్యి. మూడు నెలలు బరువు ముట్టుకోకు. కాగితం రాసిస్తాను, మీ సూపర్‌వైజరు ముఖాన కొట్టు."

రాస్తూ రాస్తూ డాక్టరమ్మ తలెత్తింది.

"మీ లాండ్రీలోనే ఇంకొకావిడ ఉంది. కాళ్లు ఎడంగా వేసి నడుస్తుంది. ఆమెకి గర్భసంచి మొత్తం బయటికే వచ్చేసింది. రింగు పెట్టి లోపల నిలబెట్టాను గానీ, అది ఎన్నాళ్లు ఆగుతుంది? ఆపరేషన్ చేయాల్సిందే. ఇక్కడ పనిచేసేవాళ్లకి ఖర్చు కూడా లేదు. రెండుసార్లు తేదీ ఇస్తే రెండుసార్లూ రానంది. ఒకసారి పైకి పంపించు."

అమ్మాయి ఎక్కడని వెతికి పంపిస్తుంది? ఇల్లెక్కడో తెలియదు. పేరే తెలియదు.

"ఎందుకు రానందమ్మా?" అంది.

"నేనూ కోప్పడ్డాను," అంది డాక్టరమ్మ. "'ఇంకొక్క నెల ఆగండి డాక్టరమ్మా, మా దగ్గర ఒక పచ్చి బాలింత ఉంది, నేను మంచమెక్కితే ఆ తడి మూటలన్నీ ఆ పిల్ల ఎత్తాలి' అంది."