ఆవిడ తలదాచుకునే ఇల్లు

నా రాతలో తప్పులుంటే మన్నించండి. మనవల ఈడు పిల్లల పక్కన కూర్చుని అక్షరాలు దిద్దుకున్నదాన్ని. చెయ్యి నెమ్మది, అందుకని కథ కూడా చిన్నదే.

"ఆపండి మాస్టారూ!"

యుర్లేదీ బెంచీ మీంచి దిగ్గున లేచింది. ఒబ్దూలియో మాస్టారు పత్రికలోంచి తలెత్తారు. అప్పటిదాకా క్లాసుకి గట్టిగా చదివి వినిపిస్తున్నారాయన. మేయరు పదవికి నిలబడ్డ మంత్రసాని సెనైదా ప్రచారం గురించి, రాజధాని బొగోటా నుంచి వచ్చిన విలేఖరి ఆవిడ వెంటే తిరిగి రాసిన పెద్ద కథనం అది.

"ఏమైందమ్మాయ్? మన ఊరి మీద ఇన్ని పేజీలు ఎప్పుడైనా చూశావా?"

"ఇప్పుడు చదివిన ముక్క మళ్లీ చదవండి."

"'బంగారం తవ్వే యంత్రాల్ని ఏట్లోంచి తీయిస్తానన్నందుకు చంపుతామని చీటీలు వచ్చాయి. అప్పట్నుంచి సెనైదా తన ఇంట్లో పడుకోవడం లేదు. రాత్రిళ్లు ఆమె తలదాచుకునే ఇల్లు...'"

"ఆ ఇల్లెలా ఉంటుందో కూడా రాశాడా?"

"రాయడమా! కళ్లకు కట్టాడు. చదవనీ మరి."

"ఈ పత్రిక ఇంకా ఎవరెవరి దగ్గరుంది?"

"పొద్దుటి పడవలో కట్టలు దిగాయి. రేవులో ఎవరి చేతిలో చూసినా ఇదే."

యుర్లేదీ అప్పటికే గుమ్మం దాటేసింది. "విలేఖరిగారి పక్కనే తిరిగినా దీని పేరు రాయలేదని ఏడుపురా!" అని వెనక బెంచీలో ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

చెక్కల బాట మీద పరుగు తీసింది. పడవలకి పెట్రోలు పోసే కొట్టు దగ్గర, యంత్రాల తాలూకు మనుషులిద్దరు నిలబడి ఉన్నారు. ఒకడు పత్రికలో వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదువుతున్నాడు. రెండోవాడు వింటూ తలాడిస్తున్నాడు. చదివినవాడు ఆ పేజీ నెమ్మదిగా చింపి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

"ఎక్కడికే అంత తొందర, చదువులమ్మా?" అన్నాడు.

ఆమె పరుగు ఆపలేదు. కాళ్ల కింద చెక్కలు దడదడలాడాయి. ఆ విలేఖరిలా రాయాలని ఎంత మోజుపడింది! అతను మాటలు ఏరుకుంటుంటే పక్కన నిలబడి చూసింది. ఇవాళ ఆ మాటలే ఈ మనుషులకి దారి చూపిస్తున్నాయి.

కన్యస్త్రీలుండే కాన్వెంటు వెనక వంటింట్లో సెనైదా చేపకి పొలుసు తీస్తోంది. తన బొమ్మే ఉన్న ప్రచారం చొక్కా తొడుక్కుంది. బొమ్మ మొహం నిండా పొలుసులే.

"అత్తా, లే! వెళ్లిపో! నువ్వు పడుకునే చోటు పత్రికలో వేసేశాడు. వాళ్లు ఆ పేజీ చింపుకున్నారు, నా కళ్లారా చూశాను!"

"ఊపిరి పీల్చుకోవే పిల్లా. పుట్టినప్పుడూ ఇంతే, మొత్తం బయటికి రాకుండానే కేకలు మొదలెట్టావు."

"నవ్వకత్తా, నీకు దణ్ణం పెడతా! లోపల సిస్టర్లు కూడా ఉన్నారు."

సెనైదా కత్తి పక్కన పెట్టింది. "నేనంత వెర్రిదాన్నటే? రాసేముందు నన్నడిగాడు. ఈ చోటు తప్ప ఇంకేదైనా రాసుకో నాయనా అన్నాను. మనిషికి ముప్పు ఉంటే ఊరూ ఇల్లూ మార్చి రాయడం వాళ్ల పనిలో మామూలేనట. ఈ ఊళ్లో తనకి బాగా నచ్చిన ఇల్లొకటుంది, అది పెడతానన్నాడు."

యుర్లేదీ గోడకి ఆనుకుని కూర్చుంది. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"ఏ ఇల్లత్తా?"

"ఏమో మరి. నా కళ్లజోడు మొన్న ఊరేగింపులో నలిగిపోయింది. అదిగో, బల్ల మీదుంది, నువ్వే చదివి పెట్టు. నేనెంత గొప్పింట్లో పడుకుంటున్నానో నాకూ తెలియాలిగా."

యుర్లేదీ కళ్లు తుడుచుకుని పేజీ తిప్పింది.

"'ఏటి వంపులో చివరి ఇల్లు. పచ్చరంగు తలుపు. పాత పడవని గుంజల మీదికెత్తి, మట్టి నింపి, ఉల్లికాడలూ కొత్తిమీరా పెంచుతున్నారు. సెనైదా వచ్చేసరికి ఒక ముసలావిడ కొబ్బరిపాల చేపకూర వండి ఉంచుతుంది. ఆ తలుపుకి గడియ లేదు. ఎవరు తట్టినా, ఎవరని అడక్కుండానే...'"

ఆమె పత్రిక కిందికి దించింది.

బయట ఏటి మీద పడవ మోటారు మొదలైంది. ఆ చప్పుడు వంపు వైపు సాగిపోతోంది.

"భలే రాశాడే!" అంది సెనైదా. "వంపులో చివరిదంటే... మీది కాదుటే?"

"మాదే అత్తా. అతన్ని భోజనానికి నేనే పిలుచుకెళ్లాను... అమ్మమ్మ ఒక్కతే ఉంది."

ఎలోడియా కైసెదో, యుర్లేదీ అమ్మమ్మని, డెబ్బై ఒక్క ఏళ్లు. ఇప్పుడు కాలీ నగరంలో, చెల్లెలి ఇంట్లో ఉంటున్నాను.