గేటు పుట్టినరోజు

దొరసామి రెండేళ్లుగా స్టోరులో పంచదార దొంగిలిస్తున్నాడు. ఆయన బాధల్లా ఒక్కటే. ఇంత తెలివిగా దొంగిలిస్తున్న సంగతి ఎవరికీ చెప్పుకునే వీలు లేదు.

మలయా దేశంలో బాగన్ దాతుక్ దగ్గర ఒక కొబ్బరితోటలో ఆయన స్టోరు గుమాస్తా, అక్కడి మాటలో కిరాణి. అవి ఎమర్జెన్సీ రోజులు. అడవిలో ఉన్న కమ్యూనిస్టులకు తిండి అందకూడదని సర్కారు కట్టడి చేసింది. తోట గేటు దాటి గుప్పెడు బియ్యం, చెంచాడు పంచదార బయటికి పోయినా జైలే. ఇంకో నెలలో దేశానికి మెర్దెకా, అంటే స్వాతంత్ర్యం వస్తోంది గాని, పంచదారకు మాత్రం ఇంకా రాలేదు.

దొరసామి పంచదార మాత్రం వారానికి నాలుగుసార్లు గేటు దాటేది. బయట ఒక అంగడివాడు కొనేవాడు. అక్కణ్ణుంచి అది కాఫీలోకి పోతోందో అడవిలోకి పోతోందో దొరసామి అడగలేదు. ఒకరి వ్యాపారంలో తలదూర్చడం ఆయనకు గిట్టదు.

పంచదార పోతోందని మాత్రం పైవాళ్లకు తెలిసిపోయింది. గేటు దగ్గర సోదా చేసే కూర్మయ్యను అనుమానించి పనిలోంచి తీసేశారు. వచ్చే వారం విచారణ. నేరం రుజువైతే ఐదేళ్లు లోపలే. దొరసామి వాళ్లింటికి వెళ్లి పరామర్శించి కన్నీళ్లు కూడా పెట్టుకున్నాడు. ఖర్చు లేని పని కదా.

అలాంటి ఇంట్లో పుట్టినరోజు పార్టీ అని తెలిసి ఆయన ముక్కున వేలేసుకున్నాడు.

తోట మేనేజరు భార్య తన కొడుక్కి ఓడదొంగల వేషాలతో పుట్టినరోజు చేసిందగ్గర్నుంచీ తోటలో పిల్లలెవరికీ మామూలు పుట్టినరోజులు కంటికి ఆనడం లేదు. కూర్మయ్య కూతురు వల్లికి ఏడేళ్లు నిండుతున్నాయట. తనకూ వేషాల పార్టీ కావాలందట. ఇంట్లో చిల్లిగవ్వ లేదు. తల్లి దేవకి బుర్ర బద్దలు కొట్టుకుని ఖర్చు లేని వేషం ఒకటి కనిపెట్టింది. గేటు సోదా.

పిల్లలంతా అట్టతుపాకులు పట్టుకున్న కాపలావాళ్లు. గుమ్మానికి అడ్డంగా వెదురు కర్ర. వచ్చే పెద్దలు తలా గుప్పెడు బియ్యమో పంచదారో ఒంటిమీద దాచుకుని రావాలి. దొరికినది దొరికినట్టు పాయసంలోకి. దొరక్కుండా దాటించినవాళ్లకు మొదటి బహుమతి.

"ఏటి దేవకీ, పాయసానికి సరుకులు మా జేబుల్లోంచే లా?" అన్నాడు దొరసామి, ఆమె పిలవడానికి వచ్చినప్పుడు. మాట చివర 'లా' తగిలించడం ఆ దేశపు అలవాటు.

"ఏటి సేసీది మావా. జీతం లేదు, పాప ఏడస్తంది. నువ్వు వొస్తే అదే సాలు," అంది దేవకి.

పిల్ల పుట్టినరోజు పేరు చెప్పి ఊరి మీద పడి తినడం అంటే ఇదే అని ఆయన ఇంట్లో నవ్వుకున్నాడు. భార్య పాపాయి నవ్వలేదు.

"నువ్వేటి దాస్తావు. మన పెళ్లిలో తాళి నీ జేబులోనే ఎట్టుకొని ఊరంతా ఎతికించినావు," అంది.

ఆ మాట దొరసామికి ఎక్కడో తగలాల్సిన చోటే తగిలింది.

ఆదివారం మధ్యాహ్నం తోట జనమంతా దేవకి ఇంటి ముందే ఉన్నారు. మారియమ్మ కొప్పులోంచి బియ్యం రాలింది. అచ్చయ్య గొడుగులోంచి పంచదార పొట్లం పడింది. దొరికినప్పుడల్లా ఒకటే నవ్వులు. సుంగై పెటాని నుంచి వచ్చిన దేవకి వరస తమ్ముడు రెంగసామి అందరికీ ఫొటోలు తీస్తున్నాడు. ఆ ఫొటోలకైనా డబ్బెక్కడిదో అనుకుంటూ దొరసామి వెదురు కర్ర దగ్గరికి వచ్చాడు. చేతిలో తాంబూలం, కర్పూరం, పిలక కొబ్బరికాయ పెట్టిన పళ్లెం.

వల్లి ఆయన జేబులు తడిమింది. చెప్పులు విప్పించింది. నోరు తెరిపించి మరీ చూసింది.

"ఈ తాత ఏటీ తేలేదు," అని పెదవి విరిచింది.

"తెచ్చుంటాడు. ఎక్కడెట్టినాడో మర్సిపోయుంటాడు," అంది పాపాయి. జనం పగలబడి నవ్వారు.

రెండేళ్లు బిగబట్టుకున్న మనిషి ఆ నవ్వుకు ఆగలేకపోయాడు. ఇది ఆటే కదా, నిన్ననే తోచిందంటే ఎవరు కాదంటారు. పాయసం గిన్నె దగ్గరికి దర్జాగా నడిచి, కాయ పిలక పట్టుకుని లాగాడు. పిలక మొత్తం టోపీలా ఊడి వచ్చింది. కింద కాయ కన్ను తొలిచి మైనంతో మూసి ఉంది. మైనం గిల్లి కాయ వంచాడు. పంచదార ధారగా గిన్నెలో పడింది.

చప్పట్లు మోగిపోయాయి. పాపాయి నోరు తెరుచుకునే ఉంది. దొరసామికి పెళ్లినాడు కూడా అంత ఆనందం కలగలేదు.

"ఎలా సేసినావు మావా?" అంది దేవకి.

"నీళ్లు ఒంపీసి, ఆరబెట్టి, నిండుగా కూరీడమే. ఊపినా సప్పుడు రాదు. గుడికి ఎల్లే పళ్లెం మీద సెయ్యెయ్యడానికి ఏ గేటోడికి దైర్యం ఉంటాది? నిన్ననే తోసింది లా," అన్నాడు దొరసామి. కాయ చేతపట్టుకుని ఫొటోకు నిలబడ్డాడు. ఒకటి చాలదని రెండోదీ తీయించుకున్నాడు.

రెంగసామి కెమెరా పక్కన పెట్టి, బహుమతి ఇచ్చేవాడిలా వచ్చి ఆయన చెయ్యి అందుకున్నాడు. అందుకున్న చెయ్యి వదల్లేదు.

"అడివిలో దొరికిన ఇలాటి కాయలు మా స్టేషన్లో ముప్పై ఏడున్నాయి కిరాణి గారూ, అన్నిటికీ కన్ను ఇలాగే తొలిసుంది, సేసినోడెవడో తెలవకే ఈ పుట్టినరోజు మేం ఎట్టినాం, మర్యాదలు తక్కువైనాయని దేవకిని ఏటీ అనుకోకండి లా, పార్టీకి మా ఇన్‌స్పెక్టరు ఇరవై డాలర్లకి మించి ఇయ్యనన్నాడు."